నష్టమెవలికని అడిగిన జమేదార్

మొన్న పొద్దున వికారాబాద్ ప్యాసింజరులో దిగిన సీతాఫలాల గంపామె మా దర్వాజ ముందు ఆగి, "జమేదార్ సాబ్ పోయిండు. రాత్రి దమ్ము ఆడలేదట" అని చెప్పి, గంప సర్దుకుని బజారుకు వెళ్ళిపోయింది. నాయన జొన్నరొట్టె ముందు కూర్చుని ఉన్నాడు. తుంచిన ముక్కను పళ్ళెంలోనే పెట్టేశాడు. "నా చెయ్యి ఇరగ్గొట్టినోడు పాయె గదనే బిడ్డా" అన్నాడు. అని, చిన్నపిల్లాడి లెక్క వెక్కి వెక్కి ఏడ్చాడు.

పక్కింటివాళ్ళు తొంగి చూశారు. "గా పోలీసోని కోసం ఏడుస్తున్నడా? మతి గిన పోయిందా?" అని ఒకామె అననే అంది. నాకు ఒళ్ళు మండింది కానీ ఆమెను అనడానికేముంది! ఊళ్ళో సగంమందికి తెలిసింది ఆయన కట్టె ఒక్కటే. అందుకే ఇది రాస్తున్నాను. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. నేను మాత్రం చెడు కూడా చెబుతాను. అది చెప్పకపోతే ఆయన్ను సగమే చెప్పినట్టు.

తాండూరు గుల్బర్గా జిల్లా నుంచి విడిపోయి ఇటు కలిసిన కొత్తలో ఆయన మా ఠాణాకు జమేదారుగా వచ్చాడు. నిజాం కాలంలోనే పోలీసుల్లో చేరిన మనిషి. ఎత్తరి, మాట తక్కువ. ముందు కొట్టేవాడు, తరువాత పేరు అడిగేవాడు. ఆ కట్టెకు ఎవరు దొరికేవాళ్ళో నేను కళ్ళారా చూశాను. లైసెన్సు లేకుండా రెండు ఈత చెట్లు గీసుకున్నవాడు, ఇంటికోసం ఇప్పసారా కాచుకున్న తండా ఆడవాళ్ళు, కోడిపందెం పెట్టినవాళ్ళు, రైలు స్టేషను వెనక గుడిసెలో ఒంటరిగా బతికే ఒకామె, ఆమె గడప తొక్కినవాళ్ళు. ఆ గుడిసె ఆమెను జుట్టు పట్టి బజారు నడుమ నుంచి ఠాణా దాకా ఈడ్చుకుపోయారు. మోచేతులు చీరుకుపోయి దారి పొడుగునా నెత్తురు. పక్కవాడి చెలక భూమి గుంజుకుని, అడిగినందుకు వాడి కాలు విరిచిన ఆసామి మాత్రం అదే ఠాణాలో బల్ల మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేనప్పుడు ఆడపిల్లల బడిలో కొత్తగా పంతులమ్మను. పిల్లలకు ఆ రోజు ఏం చెప్పానో నాకే తెలియదు.

మా నాయన, చిన్నాయన ఇద్దరూ బండల గనిలో పనివాళ్ళు. తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారతో ఒక్కో పొరనూ లేపి, పలకలుగా కోస్తారు. అమాస నాడు మాత్రం గనిలో ఎవరూ పారను ముట్టరు. కడిగి, పసుపు పెట్టి, కొబ్బరికాయ కొట్టి పక్కన పెడతారు. ఆ రోజు రాయికీ సెలవే, మనిషికీ సెలవే. మగవాళ్ళు గనిలోనే, నీడపట్టున ఉన్న మెట్టు మీద తువ్వాల పరుచుకుని పత్తాలు, అంటే పేకాట, ఆడేవాళ్ళు. మా నాయన, చిన్నాయన, ఇంకో ఇద్దరు. ఎప్పుడూ ఆ నలుగురే.

అమ్మకు ఆ ఆట అంటే పాము. చిన్నాయనంటే ప్రాణం. తాను కాపురానికి వచ్చేనాటికి ఆయన పాలపళ్ళు ఊడని పిల్లవాడు, ఆమె కలిపి పెట్టిన ముద్దలతోనే పెరిగాడు. పెళ్ళి కుదిరింది కూడా. "అన్న చెడింది సాలదని తమ్మున్ని గూడ చెడగొడ్తున్నడు" అని అమాస అమాసకూ ఇంట్లో రణం. వారం కూలిలో కొంత ఆ తువ్వాల మీదే మిగిలిపోయేది. ఒకసారి ఇద్దరూ నవ్వుకుంటూ ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద ఏమీ లేదు. అమ్మ కావాలనే వండలేదు. అదీ పనిచేయలేదు. తరువాతి అమాస ముందు రోజు ఆమె చెంగు నెత్తిన వేసుకుని ఠాణాకు పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"సాబ్, జర బెదిరియ్యున్రి. రెండు దెబ్బలు తగిలినా ఫికర్ లేదు. మల్ల గా పత్తాల దిక్కు సూడొద్దు" అని జమేదార్‌కు చెప్పింది. ఏ గనిలో కూర్చుంటారో, ఏ వైపు మెట్టు మీదో అన్నీ చెప్పింది.

ఆయన తల ఎత్తకుండానే "సరే, పో" అన్నాడు.

మరునాడు మధ్యాహ్నం పోలీసులు గని చుట్టూ నిలబడి ఈల వేశారు. నలుగురూ నాలుగు దిక్కులకు లేచారు. చిన్నాయన తనకు అలవాటైన దారిన పరుగెత్తాడు. ఆ గనిలో కళ్ళు మూసుకుని కూడా నడవగలడు. ఒక మెట్టు మీది నుంచి ఇంకో మెట్టు మీదికి, అక్కణ్ణుంచి వెడల్పాటి పలక మీదుగా అవతలి గట్టుకు. రోజూ ఆ దారే. కానీ ఆ పలక అక్కడ లేదు. ముందు రోజు పొద్దుగూకే ముందు దాన్ని పారలు వేసి లేపింది ఆయనే. లేపిన సంగతి చేతులకు గుర్తుంది, ఈల విన్న కాళ్ళకు గుర్తు లేదు. లేని పలక మీద కాలు పెట్టి నేరుగా అడుగున ఉన్న రాతి మీద పడ్డాడు. తల పగిలింది.

నాయన చూశాడు. "తమ్ముడు పడ్డడు, తమ్ముడు పడ్డడు" అని అరుస్తూ బండ అంచు పట్టుకుని కిందికి దిగబోయాడు. వెనక వచ్చిన జమేదారుకు కనిపించింది పారిపోతున్న మనిషి, అంచు పట్టుకున్న చెయ్యి. ఇనుపకట్లు వేసిన కట్టెతో ఆ చేతి మీద కొట్టాడు. నాయన వదలలేదు. మళ్ళీ కొట్టాడు. ఎముకలు నలిగిన చప్పుడు అవతలి గట్టు మీదివాళ్ళకు వినపడిందట. మూడోసారి కట్టె ఎత్తినప్పుడు ఆయన కిందికి చూశాడు. ఎత్తిన కట్టె ఎత్తినట్టే ఉండిపోయింది.

శవాన్ని పైకి తెచ్చేసరికి అమ్మ వచ్చింది. ఆమె ఏడవలేదు. చిన్నాయన తల ఒళ్ళో పెట్టుకుని, పగిలినచోట చెంగు అదిమి పట్టుకుని, "బెదిరియ్యమన్న సాబ్, బెదిరియ్యమన్న" అని అదే మాట అంటూ కూర్చుంది. ఎవరూ ఆమెను కదిలించలేకపోయారు.

పత్తాల కోసం పోయి మనిషిని చంపారన్న మాట ఊళ్ళో లేస్తే ఠాణాకు ముప్పు. ఠాణాకు పెద్దయిన అప్పటి అమీన్ సాబ్ సాయంత్రానికల్లా ఉపాయం వెతికాడు. ఆటలో అన్నదమ్ములు కొట్లాడుకున్నారు, అన్న తమ్ముణ్ణి గనిలోకి నూకాడు, పోలీసులు ఆ తరువాతే వచ్చారు. ఇదీ కేసు. నాయన మీద ఖూనీ కేసు. తమ్ముడి దహనానికి కూడా పంపలేదు.

మూడు రోజులు లాకప్పులో నాయనను కొట్టారు. పాదాల మీద కొట్టారు, తలకిందులుగా వేలాడదీసి మోకాళ్ళ మీద కొట్టారు, నలిగిపోయిన చేతినే మళ్ళీ బూటుతో తొక్కారు. "నూకిన అను" అని ఒకటే పాట. నాయన అనలేదు. మిగిలిన ఇద్దరు ఆటగాళ్ళు తట్టుకోలేకపోయారు. "అవు, అన్ననే నూకిండు" అని వేలిముద్రలు వేశారు. ఎవరినీ తప్పుపట్టను. వాళ్ళలో ఒకాయన నెలరోజులు నెత్తురు పోస్తూ తిరిగాడు.

అమ్మ ఠాణా గేటు కాడ నిలబడి, "చెప్పింది నేను, నన్ను దీస్కపోన్రి, మా ఇంటాయనను ఇడువున్రి" అని గొంతు పోయేదాకా అరిచింది. లోపల నాయన వింటున్నాడు. చెప్పింది ఎవరో ఆయనకు అలా తెలిసింది. అమీన్ సాబ్ కిటికీలోంచి నవ్వుతూ, "నువ్వు సాక్షివమ్మా, ఇంటికి పో" అన్నాడు.

ఖూనీ అని కోర్టులో తేలితే ఉరి. ఆ మాట మా ఇంట్లో పైకి ఎవరూ అనలేదు కానీ, అన్నం నోట్లో పెట్టుకుంటే అదే మాట అడ్డంపడేది. జమేదారే పెద్ద సాక్షి అని వకీలు చెప్పాడు. నూకడం నేను చూశానని ఆయన అంటే చాలునట, అయిపోతుంది.

నేను ఆగలేకపోయాను. పట్టపగలు జమేదార్ ఇంటికి పోయాను. గడపలో బూట్లు విప్పి, కుక్కి మంచం మీద కూర్చుని ఉన్నాడు. "మా నాయనను ఉరి తీయిస్తరా? చెయ్యి తీసిండ్రు, తమ్మున్ని తీసిండ్రు, ఇంకా ఏం గావాలె మీకు?" అని అడిగాను. నోటికొచ్చినన్ని తిట్టాను. ఆయన కిక్కురుమనలేదు. ఆ మౌనం చూసి నాకు ఇంకా పిచ్చి లేచింది. గడపలోని బూటు ఒకటి తీసి, బలమంతా పెట్టి రోడ్డు మీదికి విసిరేశాను. పోలీసు బూటు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ అప్పుడు కొడతాడనే అనుకున్నాను, కొడితే కొట్టనీ అనుకున్నాను.

"ఇంటికి పో బేటీ" అన్నాడు. లేచి, ఒంటి కాలికి బూటు లేకుండానే నడుచుకుంటూ పోయి రెండోది తెచ్చుకున్నాడు.

కేసు వికారాబాద్ కోర్టులో మేజిస్ట్రేటు ముందుకు వచ్చింది. ఆయన అవునంటే పై కోర్టుకు, ఉరికంబం దారికి. నాయనను బేడీలతో తెచ్చారు. కుడిచెయ్యి వాచి, రంగు మారి, వేళ్ళు ఒక్కోటి ఒక్కో వైపు తిరిగిపోయి ఉన్నాయి. అమ్మ ఆ చెయ్యి చూసి గోడ పట్టుకుంది.

జమేదారును పిలిచారు. సర్కారు వకీలు, "కొట్లాట చూసినవా?" అని అడిగాడు.

"లేదు హుజూర్. కొట్లాటే కాలె."

కోర్టు గదిలో ఒక్కసారి కలకలం లేచింది. అమీన్ సాబ్ కుర్చీలోంచి లేవబోయాడు. సర్కారు వకీలు కాగితం చూపించి, "నువ్వు రాసిందే గదా ఇది?" అన్నాడు.

"రాసిన. రాయమంటే రాసిన. ఇప్పుడు చెప్తున్న, అబద్ధం. ఈల ఏసింది మేము. ఉరికింది వాడు. పడింది మమ్మల్ని చూసి. గీ మనిషి చేతిని ఒక్కసారి చూడున్రి హుజూర్. తమ్మున్ని నూకినోని చెయ్యి బండ అంచు మీద ఎందుకుంటది? దిగి ఎత్తుకుందామని పట్టుకున్నడు. పట్టుకున్న చెయ్యి మీద నేను కొట్టిన. వదలకపోతే మల్ల కొట్టిన."

మేజిస్ట్రేటు చాలాసేపు నాయన చేతివైపు చూశాడు. తరువాత, "వాళ్ళు జూదం ఆడుతున్నరా లేదా?" అని అడిగాడు.

"ఆడుతుండ్రి."

"అది నేరమే గదా!"

"నేరమే హుజూర్. కానూనుల ఉంది. గానీ నష్టమెవలికైందని నన్నడిగితే, గా నలుగురు ఆడుకున్నంతసేపు ఎవ్వలు సావలె. నేను బోయినంకనే మనిషి సచ్చిండు."

ఖూనీ కేసు అక్కడే కొట్టేశారు. పత్తాల కేసు మాత్రం నిలబడింది! తమ్ముణ్ణి పోగొట్టుకుని, చెయ్యి పోగొట్టుకుని, మూడు రోజులు లాకప్పులో తన్నులు తిన్న మనిషికి జూదం ఆడినందుకు శిక్ష పడింది. అప్పటికే లోపల ఉన్న రోజులతో సరిపెట్టి వదిలేశారు. చట్టం తన మాట తాను నెగ్గించుకోవాలి కదా మరి. అమీన్ సాబ్‌కు బదిలీ అయింది. జమేదార్‌కు బర్తరఫ్ అయింది. బర్తరఫ్ అయిన వారంలోనే వికారాబాద్ స్టేషన్ కాడ నలుగురు మనుషులు, వేషాలు మామూలువే కానీ బూట్లు పోలీసువే, ఆయన్ను పట్టాల పక్కన పడేసి కట్టెలతో బాదారు. ఎడమకాలు మళ్ళీ సరిగ్గా మడత పడలేదు.

ఆయన వికారాబాద్‌లోనే స్టేషన్ రోడ్డు మీద చిన్న చాయ్ దుకాణం పెట్టుకున్నాడు. పాలు పొంగేటప్పుడు పోలీసు లెక్కనే ఈల వేసేవాడు. ఎవడైనా ఎవడి మీదైనా చాడీ చెప్పడానికి వస్తే, "ముందుగాల నష్టమెవలికో చెప్పు. గాయినతోని మాట్లాడినంక దొంగను ఎతుకుదాం" అనేవాడు. ఫలానా ఆమె ఫలానా వాడితో తిరుగుతోందని, ఫలానా వాడు ఇంట్లో సారా కాస్తున్నాడని, ఏ మాటకైనా అదే ప్రశ్న. చాలామంది సగం చాయ్ వదిలేసి పోయేవాళ్ళు.

నేను ట్రైనింగుకు వికారాబాద్‌లో ఉన్నప్పుడు ఆయన దుకాణానికి పోతుండేదాన్ని. మొదటిసారి పోయినప్పుడు కాళ్ళు వెనక్కి లాగాయి. నన్ను చూడగానే, "బూట్లు లోపట దాస్కున్న బేటీ, కూసో" అన్నాడు. ఇంకేం కోపం నిలుస్తుంది!

ఒకసారి అడిగాను, ఎందుకు నిజం చెప్పావని. చాయ్ గిన్నె దించి చెప్పాడు. పోలీస్ యాక్షన్ అయిన రోజుల్లో వాళ్ళ ఊరిలో ఆయన అన్నను కట్టేసి, ఎండిన బావిలో పడేశారట. అన్న ఎవరి జోలికీ పోని దర్జీ. పడేసిన వాళ్ళెవరో ఊరందరికీ తెలుసు. ఆయన పోలీసు ఉడుపులోనే ఉన్నాడు. పై వాళ్ళ దగ్గరికి పోయి కేసు రాయమంటే ఎవరూ రాయలేదు. తరువాత ఆ మనుషులే బజారులో ఎదురైతే ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చేవాడట.

"గప్పటి సంది నా చెయ్యి ఊకుండకపాయె బేటీ. ఎవలనో ఒకలను కొట్టాలె. అసలు కొట్టాల్సినోళ్ళను ముట్టలేను. దొరికేటోళ్ళెవలు? కల్లు గీసెటోడు, పత్తాలాడెటోడు, దిక్కులేని ఆడది. మస్తు కొట్టిన. కానూను గూడ కొట్టుమనె. నాకింక అడ్డమేంది? గా దినం మీ చిన్నాయన పడ్డ సప్పుడు ఇన్న. మా అన్నది గూడ గదే సప్పుడు."

అంతే. మళ్ళీ గిన్నె పొయ్యి మీద పెట్టాడు. స్టేషను వెనక గుడిసె ఆమె గురించి అడగాలని నోటిదాకా వచ్చింది. అడగకుండానే, "అందరి తాన మాఫీ అడగనీకె పోయిన. గామె ఒక్కతె దర్వాజ తియ్యలె. తియ్యకుంటనే మంచిగ చేసింది" అన్నాడు. ఆయన ఎప్పుడూ తనను వెనకేసుకు రాలేదు. ఆయన మీద నాకు ప్రేమ కలిగింది అక్కడే అనుకుంటాను.

మా ఇంటికి మొదటిసారి వచ్చింది ఒక అమాస నాడు. కుంటుకుంటూ వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. నాయన లోపల్నుంచి చూసి బయటికి వచ్చాడు. తరువాత ఎడమచేత్తో తువ్వాల దులిపి అరుగు మీద పరిచాడు. అప్పటికి మిగతా ఇద్దరూ, వేలిముద్రలు వేసిన వాళ్ళే, మళ్ళీ మా గడపకు రావడం మొదలుపెట్టారు. వాళ్ళు తల దించుకుని కూర్చున్నారు. నాయన చెయ్యి బాగుపడలేదు. ఎడమచేత్తో పదమూడు పత్తాలు పట్టుకుంటే తియ్యడానికి చెయ్యి లేదు, తియ్యడానికి ఎడమచెయ్యి ఉంచితే పట్టుకోవడానికి లేదు. గనిలో పని పోయింది, ఆట కూడా పోయింది. ఏ పని పోయినందుకూ ఏడవని మనిషి, మిగతా ఇద్దరు పత్తాలు పంచుకుంటుంటే మొహం పక్కకు తిప్పుకునేవాడు.

"నేను పట్టుకుంట" అన్నాడు జమేదార్ సాబ్.

ఆయనకు పత్తాలు పట్టుకోవడం రాదు. జన్మలో ఆడలేదు. మొదటిరోజు అన్నీ ఎదుటివాళ్ళకు కనిపించేట్టు తెరిచి పెట్టాడు. "అయ్యో సాబ్, గిట్ల పట్టుకుంటే నన్ను మల్ల జేలుకు తోలినట్టే" అని నాయన నవ్వాడు. చిన్నాయన పోయిన తరువాత నాయన నవ్వడం నేను విన్నది అప్పుడే. అప్పట్నుంచి అమాస అమాసకూ ప్యాసింజరులో దిగేవాడు. నాయనకు కుడివైపు ఆనుకుని కూర్చుని పత్తాలు విప్పి పట్టుకునేవాడు. నాయన ఎడమచేత్తో ఒక్కోటి తీసి వేసేవాడు. పందెం ఉండేది కాదు, ఓడినవాడు బీడీలు తెచ్చేవాడు. కొత్త పోలీసు ఎవడైనా ఆగి గుడ్లురిమితే, "బీడీలు పోయినయి భాయ్. నష్టం నాకే, రాస్కో" అనేవాడు జమేదార్ సాబ్. వాడు గొణుక్కుంటూ పోయేవాడు.

అమ్మ మాత్రం ఆ రోజుల్లో అరుగు మీదికి ఒక్కసారి కూడా రాలేదు. వంటింట్లోంచే నాతో చాయ్ పంపేది. నాయన ఆమెను ఎన్నడూ ఏమీ అనలేదు. ఠాణాకు ఎందుకు పోయావని ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే, నాలుగు తన్ని ఉంటే, ఆమె కాస్త తేరుకునేదేమో. అడగకపోవడమే ఆమెను లోపల్లోపల కోసింది. రాత్రిళ్ళు తిండి సయించక, పగలు మాట సయించక, సగమైపోయింది.

ఒక అమాస నాడు తలుపు చాటునుంచే ఆమె జమేదారుతో తగువుకు దిగింది.

"అందరికి చెప్తుంటవట గద సాబ్, పత్తాలాడితే నష్టమెవలికని. నష్టం నాకైంది. నా పొయ్యికైంది. నా పిల్లలకైంది. నీకు గనపడలె?"

జమేదార్ సాబ్ చేతిలోని పత్తాలు మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "నిజమే అక్కా. నీకైంది. నీ నష్టం నువ్వు తెచ్చి నా ముంగట పెడితివి. నేనేం జెయ్యాలె? గీయినను పిలిచి కూసోపెట్టి మాట్లాడాలె. నేను పోలీసోన్ని, నాకు మాట రాదు, కట్టె వచ్చు. నువ్వు తప్పు చెయ్యలె అక్కా. నష్టం చెప్పుకోనీకె నీకు పోలీసోడు తప్ప ఇంకెవడన్న ఉన్నడా గీ దేశంల?"

నేను లోపలికి వెళ్ళి చూస్తే అమ్మ పొయ్యి ముందు కూర్చుని, చిన్నాయన పోయినప్పుడు రాని ఏడుపు ఏడుస్తోంది. పొయ్యి మీది అన్నం మాడింది. ఎవరమూ దించలేదు.

పేకాట మంచిదని నేను అనను. మా ఇంట్లో పొయ్యి చల్లారిన రోజులు నాకు తెలుసు. సారా సంగతీ అంతే. కానీ ఎవరినీ కొట్టని, ఎవరి సొమ్మూ ముట్టని మనిషి వెనక కట్టె పట్టుకుని పరుగెత్తే చట్టం ఎవరిని కాపాడుతోందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెలక గుంజుకున్నవాణ్ణి అడగదు, దర్జీని బావిలో పడేసినవాణ్ణి అడగదు. అమాస నాడు తువ్వాల పరుచుకున్నవాడి మీదికి మాత్రం ఈల వేసుకుంటూ వస్తుంది. ఈ మాట చదువుకున్న పెద్దలు ఎవరూ నాకు చెప్పలేదు. కొట్టి కొట్టి చెయ్యి నొప్పి పుట్టిన ఒక జమేదార్ చెప్పాడు.

కబురు అందిన రోజే నాయన ప్యాసింజరెక్కి వికారాబాద్ పోయాడు. జనాజా మోసేటప్పుడు అక్కడివాళ్ళు, చెయ్యి బాగాలేదు కదా వద్దులే అన్నారట. "భుజం మంచిగనే ఉన్నది" అని నాయన ఖబరస్తాన్ దాకా భుజం మార్చలేదట. సాయంత్రం వచ్చి, స్నానం చేసి పడుకున్నాడు.

నిన్న అమాస.

ఇద్దరు ఆటగాళ్ళూ అలవాటు కొద్దీ వచ్చారు. అందరూ ముసలివాళ్ళయ్యారు. నాయన తువ్వాల పరిచాడు. ఒకాయన పత్తాలు పంచాడు. పంచిన తరువాత గుర్తొచ్చింది వాళ్ళకు. నాయన ముందు పదమూడు పత్తాలు బోర్లా పడి ఉన్నాయి. ఆయన వాటిని చూస్తూ కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ తమ పత్తాలు ఎత్తలేదు. నేను దర్వాజలో నిలబడి ఉన్నాను, ముందుకు పోదామనుకున్నాను.

వెనక నుంచి అమ్మ నన్ను తప్పించుకుని బయటికి వచ్చింది. తడి చేతులు చెంగుకు తుడుచుకుంది. అరుగెక్కి, నాయనకు కుడివైపు కూర్చుంది. పత్తాలను ఒక్కోటి ఎత్తి, ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో గుండెకు అదుముకుంది.

"ఇటు తిప్పు" అన్నాడు నాయన మెల్లగా. "నాకు గనపడాలె."

ఆమె తిప్పింది. "ఏది దీస్తవో దియ్యి" అంది.

నాయన ఎడమచెయ్యి ఎత్తాడు. చాలాసేపటి దాకా ఏ పత్తానూ తియ్యలేదు.